కొక్కెం

బ్ర్నోలో నవంబరు. నాలుగింటికే చీకటి.
రేడియేటర్ మీద తడి చేతితొడుగులు ఆరేసి
ఏడుగురం కూర్చున్నాం.
వ్లాస్తిమిలా గారు సుద్దముక్క విరిచి
సగం నాకిచ్చింది. "లిస్టు గియ్యి, స్వతావా."

నేను గీసింది పుస్తకంలోది.
పెట్టె, పెట్టెలోంచి బాణం, ఇంకో పెట్టె,
పెట్టెపెట్టెకీ పక్కన వేలాడే ఒక సరుకు.
ఆవిడ చూసింది. చెరపలేదు.
"ఇన్ని పెట్టెలు ఎవరిచ్చారు నీకు?
అడిగినప్పుడల్లా మెమరీ కొలిచిపోసే దొర ఎవరు?
కెర్నెల్‌లో అప్పు పుట్టదమ్మా.
అక్కడ షావుకారువి నువ్వే."

ఈ కొలువుకి ముందు పదకొండేళ్లు
ఊరి ఉత్తరాన రైలు యార్డులో
వ్యాగన్ల చిట్టా రాసేదట.
"గూడ్సుబండిని దగ్గర్నుంచి చూశావా ఎప్పుడైనా?
వ్యాగన్లని కలపడానికి వేరే బండి తేరు.
కొక్కెం వ్యాగన్ ఒంటికే ఉంటుంది.
లోపల బొగ్గో, బీట్‌దుంపలో, ఉత్త గాలో
కొక్కేనికి పట్టదు.
తగులుకోవడం ఒక్కటే దానికి తెలిసిన విద్య."

"చీకట్లో కొక్కెం మాత్రమే చేతికి తగిలితే?
ఏ వ్యాగనో ఎట్లా తెలుస్తుంది?"
వెనక బెంచీ నుంచి లుబోర్.
ఆవిడ గోడకి అరచెయ్యి ఆనించి
వెనక్కి మూడడుగులు నడిచింది.
"కొలత తెలిస్తే చాలు.
కొక్కెం నుంచి ఇన్ని బైట్లు వెనక్కి, అక్కడే వ్యాగన్ మొదలు."

తీసివేత. ఒకటో తరగతి లెక్క.
నాకు ఒళ్లు జలదరించింది.
ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

"ఒకే వ్యాగన్‌కి నాలుగు కొక్కేలు పెట్టుకోవచ్చు,
ఒకేసారి నాలుగు బళ్లలో నడుస్తుంది" అంది మళ్లీ,
కాసేపు ఆలోచించి, సుద్ద దులుపుకుని,
"ఇక్కడితో నా రైలు పట్టాలు తప్పింది. ఇళ్లకి పోండి."

వీధుల్లో కార్ప్ చేపల తొట్లు వెలిసిన వారమంతా
ఎరుపు నలుపు చెట్టు.
ఎరుపు కింద ఎరుపు ఉండకూడదు.
కొమ్మ తిప్పేదాన్ని, ఎటు తిప్పానో మరిచేదాన్ని.
ట్రామ్ కిటికీ ఆవిరి మీద వేలితో గీస్తే
ఎదురు సీటు ముసలాయన
నా చెట్టుకి ఒక పిట్టని జతచేసి దిగిపోయాడు.

జనవరిలో నా చేతిమీదుగా మొదటి మరణం.
లిస్టులోంచి ఒక నోడుని విప్పాను,
విప్పిన చేత్తోనే పారేశాను.
పక్క ప్రాసెసర్ ఇంకా దానిమీదే నిలబడి చదువుతోంది.
తెర కొయ్యబారింది. మీట నొక్కినా ఉలుకు లేదు, పలుకు లేదు.

"తాళం వేసుంటే సరిపోయేది కదండీ?"
"సరిపోయేది. చదవడానికొచ్చిన ప్రతివాడూ వరసలో నిలబడేవాడు."
ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది.
"మా తరం చాలా వరసల్లో నిలబడిందమ్మా.
రొట్టెకి, నారింజలకి, చెప్పుల జతకి.
తాళం అక్కర్లేని చోట వెయ్యకు.
నోడుని దారి తప్పించు, కొత్తగా వచ్చేవాడికి కనబడదు.
ముందే లోపలున్నవాడు తల ఎత్తేదాకా ఆగు.
కూర్చున్నవాడి కింద నుంచి కుర్చీ లాగకూడదు."
"ఎంతసేపు ఆగాలి?"
"ఆఖరివాడు లేచేదాకా."

జూన్‌లో పదవీ విరమణ.
కొత్త టైంటేబుల్‌లో ఆవిడ పేరు లేదు.
రెండో అంతస్తులో గది తలుపు మీద మాత్రం
ఇత్తడి పలక అట్లాగే ఉంది.
సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం
స్క్రూడ్రైవర్ పట్టుకుని క్షితిజ్ వచ్చాడు, భవనం మరమ్మతుల మనిషి.
నేను ఆ తలుపుకి వీపు ఆనించి నేలమీద
నిరుటి నోట్సు విప్పుకుని ఉన్నాను,
సుద్దపొడి అంటిన పేజీ దగ్గర.

పలకని చూశాడు. నన్ను చూశాడు.
"ఇంకా ఎవరైనా ఉన్నారా?"
"నేనొక్కదాన్నే. ఈ పేజీ అయిపోనివ్వండి."

స్క్రూడ్రైవర్ జేబులో పెట్టి
మెట్టుమీద కూర్చుని
కాగితం పొట్లంలోంచి రొట్టె తీశాడు.